ఔషధాల కంటే పాతవి: పర్యావరణ బాక్టీరియాలలో సంచార జన్యు మూలకాల చరిత్ర

సంచార జన్యు మూలకాల చరిత్రను పాఠ్యగ్రంథాలు సాధారణంగా రెండు చోట్ల మొదలుపెడతాయి. ఒకటి బార్బరా మెక్‌క్లింటాక్ పరిశోధించిన మొక్కజొన్న. రెండవది 1950ల నాటి జపాన్ ఆసుపత్రులు. మొదటి కథకు బాక్టీరియాతో సంబంధం లేదు. రెండవ కథలోని బాక్టీరియా రోగుల నుంచి సేకరించినవి. నేలలో, నీటిలో, చెరువు అడుగు మడ్డిలో జీవించే బాక్టీరియా ఈ కథనంలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇది శాస్త్రజ్ఞులు కనుగొన్న క్రమమే తప్ప ప్రకృతిలో జరిగిన క్రమం కాదు. ఈ రెండు క్రమాలను ఒకటిగా భావించడం వల్లనే ఔషధ నిరోధకత ఆసుపత్రిలో పుట్టి మురుగు కాలువలోకి పారుతుందనే అభిప్రాయం స్థిరపడింది. పర్యావరణం ఆ నిరోధకతను స్వీకరించే స్థలం మాత్రమే కాదు, దానికి మూలస్థానం కూడా అని నిరూపించే ఆధారాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జపాన్ కథను ముందుగా చెప్పుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అక్కడ రక్త విరేచనాల వ్యాధికి సల్ఫా మందులు విరివిగా వాడారు. కొద్ది సంవత్సరాలలోనే అవి పనిచేయడం తగ్గిపోయింది. 1950ల మధ్యకాలానికి సల్ఫోనమైడ్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అనే నాలుగు మందులకూ ఒకేసారి లొంగని షిగెల్లా బాక్టీరియా బయటపడింది. నాలుగు ఉత్పరివర్తనాలు యాదృచ్ఛికంగా ఒకే కణంలో కలిసే సంభావ్యత అత్యల్పం. ఈ నిరోధకత కణస్పర్శ ద్వారా ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి మూకుమ్మడిగా బదిలీ అవుతుందని 1959లో ఒచియాయ్, అకిబాల బృందాలు విడివిడిగా చూపించాయి. జపనీస్ భాషలోని ఈ ఫలితాలు సుతోము వతనబే 1963లో ఆంగ్లంలో రాసిన సమీక్షా వ్యాసం ద్వారా పాశ్చాత్య శాస్త్రలోకానికి విస్తృతంగా తెలిశాయి. బదిలీ అవుతున్నది ప్లాస్మిడ్, అంటే క్రోమోజోమ్‌తో నిమిత్తం లేకుండా తనంతట తాను ప్రతికృతి చెందే డీఎన్ఏ. ఆ పదాన్ని జాషువా లెడర్‌బర్గ్ 1952లోనే ప్రతిపాదించాడు.

పై నాలుగు మందులలో ఒకదానికి తెలుగువారితో సంబంధం ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగాన్ని నడిపిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి 1948లో వెలువడింది. దానిని ఉత్పత్తి చేసే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు మట్టి నమూనాలో దొరికింది. సుబ్బారావు గురించిన మన రచనలలో ఈ మట్టి ప్రస్తావన ఉండవలసినంతగా ఉండదు. కానీ మన విషయానికి అదే కీలకం. విషాన్ని తయారుచేసే జీవి ఆ విషం నుంచి తనను తాను కాపాడుకోవాలి. అందుకు కావలసిన జన్యువులు దాని వద్ద ముందే ఉండాలి. 1973లో బెన్వెనిస్ట్, డేవిస్‌లు స్ట్రెప్టోమైసిస్ జాతులలో అమైనోగ్లైకోసైడ్ మందులను నిర్వీర్యం చేసే ఎంజైములను కనుగొన్నారు. అవి ఆసుపత్రి బాక్టీరియాలోని నిరోధక ఎంజైములను పోలి ఉన్నాయి. పరిశోధకుల దృష్టిని వార్డు నుంచి మట్టి వైపు మళ్లించిన తొలి బలమైన సూచన ఇదే.

అయితే జన్యువు పాతదైనంత మాత్రాన దానిని మోసే వాహనం కూడా పాతదని చెప్పలేము. ఆ ప్రశ్నకు సమాధానం ఒక పాత సేకరణలో దొరికింది. ఇ. జి. డి. మరే అనే సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు 1917 నుంచి 1954 వరకు పేగు బాక్టీరియా నమూనాలను సేకరించి భద్రపరిచాడు. విక్టోరియా హ్యూస్, నవోమి దత్తాలు వాటిని పరీక్షించి 1983లో ఫలితాలు ప్రచురించారు. కనీసం 24 శాతం నమూనాలలో ఒక కణం నుంచి మరొక కణానికి బదిలీ కాగల ప్లాస్మిడ్లు ఉన్నాయి. వాటిలో ఔషధ నిరోధక జన్యువులు మాత్రం లేవు. మరో మాటలో, బండి ముందే ఉంది. సరుకు తరువాత ఎక్కింది. చారిత్రకంగా ఇంత నిర్ణాయకమైన ఆధారం ఈ రంగంలో మరొకటి లేదని నా అభిప్రాయం. దీనికి తోడు, నెదర్లాండ్స్‌లో 1940 నుంచి భద్రపరచిన మట్టి నమూనాలలో నిరోధక జన్యువుల పరిమాణం కాలక్రమేణా పెరిగిందని 2010లో వెల్లడైంది.

మట్టిలోని ప్లాస్మిడ్లు నిరోధకతనే మోస్తాయనుకోవడం కూడా పొరపాటు. 1970ల ఆరంభంలో ఇల్లినాయిస్‌లో గన్సలస్ ప్రయోగశాలలో ఆనంద మోహన్ చక్రవర్తి, ఆయన సహచరులు చేసిన పరిశోధనలలో సూడోమోనాస్ బాక్టీరియా కర్పూరం, సాలిసిలేట్ వంటి పదార్థాలను జీర్ణం చేసుకునే శక్తి ప్లాస్మిడ్లలో ఉందని తేలింది. ఈ విషయం మన తరగతి గదులలో 1980 నాటి అమెరికా సుప్రీంకోర్టు పేటెంట్ తీర్పుగానే మిగిలిపోయింది. నిజానికి అందులోని సూక్ష్మజీవశాస్త్రం అంతకంటే విలువైనది. నేలలో ప్లాస్మిడ్ జీవనోపాధి సాధనం. పరిసరాలలో కొత్త రసాయనం చేరినప్పుడు దానిని ఎదుర్కొనే లేదా ఆహారంగా మలచుకునే నేర్పు దాని ద్వారా పంపిణీ అవుతుంది.

జపాన్ షిగెల్లా నుంచి వేరుచేసిన ఆర్100 ప్లాస్మిడ్‌ను ఈ వెలుగులో మళ్లీ చూడాలి. అందులో టీఎన్21 అనే ట్రాన్స్‌పోజాన్ ఉంది. ట్రాన్స్‌పోజాన్ అంటే డీఎన్ఏలో ఒక చోటి నుంచి మరో చోటికి దూకగల ఖండం. 1974లో హెడ్జెస్, జేకబ్‌లు ఈ పేరు పెట్టారు. టీఎన్21లో పాదరస నిరోధక జన్యువులతోపాటు ఒక ఇంటిగ్రాన్ కూడా ఉంది. 1989లో స్టోక్స్, హాల్‌లు వర్ణించిన ఇంటిగ్రాన్ స్వయంగా కదలదు, కానీ బయటి జన్యువులను పట్టి వరుసగా తనలో అమర్చుకుంటుంది. ఆసుపత్రులలో ప్రబలిన ఒకటవ తరగతి ఇంటిగ్రాన్ల పూర్వరూపాలు వ్యాధితో సంబంధం లేని పర్యావరణ బాక్టీరియా క్రోమోజోములలో ఉన్నట్లు మైకేల్ గిల్లింగ్స్ బృందం 2008లో చూపింది. అక్కడి నుంచి అవి ఒక ట్రాన్స్‌పోజాన్‌లోకి, దానితో పాదరస నిరోధక ట్రాన్స్‌పోజాన్లలోకి, చివరకు ప్లాస్మిడ్లలోకి చేరాయని భావిస్తున్నారు. ఈ నిర్మాణంలో క్రిమిసంహారకాలను, సల్ఫా మందులను తట్టుకునే జన్యువులు స్థిరభాగాలుగా ఉండడం గమనార్హం. పాదరసం, క్రిమిసంహారకం, సల్ఫా: పెన్సిలిన్ కంటే ముందే మనిషి వాడిన పదార్థాల జాడ ఈ డీఎన్ఏలో నిలిచిపోయింది.

సిప్రోఫ్లాక్సాసిన్ వంటి క్వినోలోన్లు పూర్తిగా కృత్రిమమైనవి కనుక వాటికి ప్రకృతిలో సిద్ధంగా నిరోధకత ఉండదని ఒకప్పుడు ఆశించారు. 1998లో ప్లాస్మిడ్ ద్వారా వ్యాపించే క్వినోలోన్ నిరోధకత బయటపడింది. 2005లో ఆ జన్యువు మూలం షెవనెల్లా ఆల్గే అనే జలచర బాక్టీరియా క్రోమోజోమ్‌లో దొరికింది.

ఈ చరిత్ర తెలంగాణకు చేరేది ఇక్కడే. ఐడీపీఎల్ స్థాపన, 1970 పేటెంట్ చట్టం తరువాత హైదరాబాద్ పరిసరాలు బల్క్ డ్రగ్ తయారీకి కేంద్రమయ్యాయి. సుమారు 90 పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటకు వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కంటే అది ఎక్కువ. 2011లో అక్కడి నదీ మడ్డి డీఎన్ఏను పరీక్షించినప్పుడు నిరోధక జన్యువులే కాక ప్లాస్మిడ్లు, ట్రాన్స్‌పోజాన్లు, ఇంటిగ్రాన్లు కూడా అధికంగా కనిపించాయి. 2014లో కాజీపల్లి చెరువు మడ్డిలో 81 రకాల నిరోధక జన్యువులు గుర్తించారు. పోలిక కోసం తీసుకున్న స్వీడన్ సరస్సులో ఉన్నవి 8 మాత్రమే. పరిమాణంలో తేడా సుమారు 7,000 రెట్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మడ్డిలో జన్యువు ఎంత ఉందో ఈ పద్ధతి చెబుతుంది. అది ఏ దిశలో ప్రయాణించిందో చెప్పదు. చెరువులోని ప్లాస్మిడ్ రోగి శరీరానికి చేరిందని ఈ అధ్యయనాలు నిరూపించలేదు. కొందరు రచయితలు ఈ రెండింటినీ కలిపివేసి పరిశోధనకు మేలుకంటే కీడే ఎక్కువ చేశారు. అయితే పటాన్‌చెరు ప్రాముఖ్యానికి ఆ నిరూపణ అవసరం లేదు. మరే సేకరణలోని బండి, మట్టిలోని సరుకు, బరువైన రసాయన ఒత్తిడి అనే మూడూ ఒకే చెరువులో కలిశాయి.

రసాయనానికీ జన్యువుకూ ఒక తేడా ఉంది. రసాయనం పలచబడుతుంది, క్షీణిస్తుంది. జన్యువు తనను మోసే కణంతోపాటు రెట్టింపవుతుంది. నిరోధక జన్యువులనే కాలుష్య కారకాలుగా పరిగణించాలని ఏమీ ప్రూడెన్ బృందం 2006లోనే ప్రతిపాదించింది. మన నియంత్రణ వ్యవస్థ రసాయనం దగ్గరే ఆగిపోయింది. ఔషధ పరిశ్రమల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు నిర్దేశిస్తూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు.