బహిరంగ తక్షణసందేశ నియమావళులు : జాబర్ చరిత్ర

కంప్యూటర్ల మూలమున తత్క్షణమే సందేశములు పంపుకొనుటకు రెండు మార్గములు గలవు. ఒకే సంస్థ సర్వమును తన సర్వరులయందే నడుపుట మొదటిది. ఎల్లరకు తెలిసిన నియమావళి ననుసరించి వేర్వేరు సర్వరులు పరస్పరము సందేశముల నందించుకొనుట రెండవది. ఈ రెండవ మార్గ మేల వెనుకబడినదో యిట విచారింతము.

1996లో ఐసీక్యూ, 1997లో ఏఓఎల్ ఇన్‌స్టంట్ మెసెంజర్ వెలువడినవి. ఒకదాని సభ్యులకు రెండవదాని సభ్యులతో మాటాడ వీలు లేకుండెను. 1999లో మైక్రోసాఫ్ట్ తన మెసెంజరును ఏఓఎల్ సభ్యులతో కలుపజూడగా ఏఓఎల్ పలుమారు అడ్డగించెను. ఆ యేడే అమెరికా ప్రోగ్రామరు జెరెమీ మిల్లర్ జాబర్‌ను ప్రకటించెను. ఈ-మెయిలునందు వలె నిందును సభ్యుని పేరును సర్వరు పేరును కలిసి చిరునామా యగును. కావున నెవరైనను స్వంత సర్వరును నెలకొల్పవచ్చును. 2004లో ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ దీనిని ఎక్స్‌ఎమ్‌పీపీ యను పేర ప్రమాణముగా వెలువరించెను. సందేశములు యూటీఎఫ్-8 సంకేతమున నుండవలెనని యిందలి విధి. దానిచే తెలుగు లిపికిని రోమను లిపితోపాటు స్థానము లభించినది.

2005లో వెలువడిన గూగుల్ టాక్ ఈ నియమావళినే యవలంబించి, 2006లో ఇతర సర్వరులకు ద్వారము తెఱచెను. 2013లో దానికి బదులు వచ్చిన హ్యాంగౌట్స్‌నం దా సౌకర్యము లేకపోయెను. ఫేస్‌బుక్ 2010లో నిచ్చిన ఎక్స్‌ఎమ్‌పీపీ ప్రవేశమును 2015లో మూసివేసెను.

ఈ నియమావళి చేతి ఫోనులకు తగినది కాదని కొందఱందురు. ఇం దించుక సత్యము లేకపోలేదు. కాని వాట్సాప్ తొలుత దీనినే సవరించి ఫోనులయందు నడపినది. అన్యసేవలతో సంబంధమును మాత్రము కల్పింపలేదు. కావున క్షీణతకు ముఖ్యకారణము రూపకల్పనాదోషము గాదని మా యభిప్రాయము. నియమములు బహిరంగములే, సభ్యులు మాత్రము కొలది సంస్థల చెంత చేరిరి. తలుపు తీయుటయు మూయుటయు నా సంస్థల యిచ్ఛ యయ్యెను.

ఇక భవిష్యత్తు. 2014లో ఆరంభమైన మేట్రిక్స్‌నందు సంభాషణ పాల్గొను ప్రతిసర్వరునందును నిలుచును. ఏ యొక్కరును దానికి ఏకైక స్వామి కాజాలరు. 2022 నాటి యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టము ప్రకారము, కోరిన యితరసేవలకు వాట్సాప్, మెసెంజర్లు 2024 మార్చి నుండి ద్వారము తెఱవవలసి వచ్చినది. అయినను ఆ చట్టము ఉమ్మడి నియమావళి నొకదానిని విధింపలేదు. సాంకేతిక నిబంధనలను ద్వారపాలక సంస్థయే ప్రకటించును. జాబర్ చరిత్ర నెఱిగినవారి కిది చాలునని తోచదు. ప్రమాణము గ్రంథస్థమగుట యొకటి. దాని నవలంబించినవారు తమ యిచ్చవచ్చినపుడు విడువజాలకుండుట వేఱొకటి. ఈ రెండవది సిద్ధించినపుడే బహిరంగ మార్గము నిలువగలదు.