సీమ వ్యాజ్యాలకు నీడనిచ్చిన కలకత్తా వాస్తుశిల్పి

కర్నూలులోనో కడపలోనో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి కాచిగూడ. సీమ నుంచి వచ్చే ఎందరికో హైదరాబాద్ మొదట కనిపించేది ఆ స్టేషన్ గుమ్మటాల కిందే. 1916 నాటి ఆ భవనాన్ని గీసిన విన్సెంట్ జెరోమ్ ఎష్ పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు.

ఎష్ ఆంగ్లేయుడు. బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువుతో ఈ దేశంలో పని మొదలుపెట్టాడు. వైస్రాయి కర్జన్ కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ మ్యూజియం తలపెట్టినప్పుడు, దాని రూపకర్త విలియం ఎమర్సన్ తన ఊహను కాగితం మీదికి తేవడానికి ఎష్ సాయం తీసుకున్నాడు. 1906లో శంకుస్థాపన జరిగింది, 1921లో తలుపులు తెరిచారు. మక్రానా పాలరాతి పనిని దగ్గరుండి నడిపించింది ఎష్. ఉత్తరం వైపు వంతెన, తోట గేట్లు ఆయన గీసినవే.

ఆ పని సాగుతుండగానే నిజాం రాజ్యం నుంచి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పనికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1914లో ఎష్‌ను రప్పించాడు. కాచిగూడ స్టేషన్, హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి వరసగా లేచాయి.

నాకు ఎష్ మీద గౌరవం పెరిగేది ఇక్కడే. కలకత్తా పాలరాతి ఠీవిని ఆయన హైదరాబాద్‌కు మోసుకురాలేదు. ఇక్కడి తోరణాలనూ మినార్లనూ గుమ్మటాలనూ చూసి నేర్చుకున్నాడు. హైకోర్టుకు ఎర్ర ఇసుకరాయి, గులాబీ రంగు గ్రానైటు వాడారు. కాచిగూడకైతే ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలు తెచ్చి అమర్చారు. పాత రూపానికి కొత్త పనితనం తొడిగిన ధైర్యం అది. హైకోర్టు ఒక్కడి పని కాదని కూడా చెప్పాలి. జైపూర్ శంకర్‌లాల్, స్థానిక ఇంజినీరు మెహర్ అలీ ఫాజిల్ పేర్లు దానితో ముడిపడి ఉన్నాయి.

1920లో ఆ హైకోర్టు తెరిచిన నాటికి కడప రైతు వ్యాజ్యం మద్రాసు వెళ్లేది. అప్పటి నిజాం ఆ సీమను 1800లోనే ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956 నవంబరులో అందరం హైదరాబాద్ చేరాం. అప్పటి నుంచి 2018 చివరి దాకా, 62 ఏళ్లు, సీమ కక్షిదారులు కాగితాల కట్టలు చంకన పెట్టుకుని ఎక్కింది ఎష్ కట్టిన మెట్లే.

హైకోర్టుకు ఎదురుగా, మూసీకి ఆవలి గట్టున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాననీళ్లు వచ్చాయి. రోగులను ఖాళీ చేయించారు. దాన్ని కూలనివ్వకుండా బాగుచేయించే బాధ్యత తెలంగాణ ప్రభుత్వానిది. అడిగే హక్కు మాత్రం ఈ గట్టున హైకోర్టు నీడ పొందిన సీమవాళ్లకూ ఉంది, అడగాలి.