తఖ్త్ ఉన్న మోటారు

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. బాడీ కట్టింది ఇంగ్లండ్‌లోని బార్కర్ కంపెనీ. వెనక సీటు తఖ్త్‌లా ఎత్తుగా ఉంటుంది.

ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. ఆయన నసీబులో ఆ సవారీ లేదు. బండి రాకముందే, 1911 ఆగస్టులో ఇంతెకాల్ అయ్యారు. మోటారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు విరాసత్‌గా దక్కింది. 1948లో సల్తనత్ పోయింది. 1967లో ఆయనా వెళ్లిపోయారు. ఖాందాన్ వారసత్వం మనవడు ముకర్రమ్ జాకు వచ్చింది. 2023లో ఆయన మయ్యత్‌ను చౌమహల్లాలోనే ఆఖరి దీదార్‌కు ఉంచి, మక్కా మసీదులో దఫన్ చేశారు.

మోటారు మాత్రం అక్కడే ఉంది. విరాసత్ తగాదాలతో సలాం కూడా మానేసిన అన్నదమ్ములు మన మొహల్లాల్లో ఎందరో. ఒకసారి వెళ్లి ఆ ఖాళీ తఖ్త్ చూడండి. మిల్కియత్ అల్లాహ్‌ది, మన చేతిలో ఉన్నది అమానతే.