ఆకుచెత్త నుంచి నేలజీవులకు నత్రజని
నల్లమల, లంకమల అడవుల్లో నల్లమద్ది, చిరుమాను, ఎర్రచందనం వంటి చెట్లు ఎండలు ముదిరేలోపే ఆకు రాలుస్తాయి. రాల్చేముందు ఆకులోని నత్రజనిని, తరచు సగం దాకా, చెట్టు వెనక్కి లాక్కుంటుంది. మిగిలిన ఎండుటాకులో నత్రజని ఒక వంతుంటే కర్బనం సాధారణంగా 40 వంతులకు పైనే. పురుగు ఒంట్లో కర్బనం 5 వంతులకు అటూఇటూ. ఈ లోటు పూడ్చేది ముఖ్యంగా బూజు. అది కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తూ, నత్రజనిని తన పోగుల్లో కూడబెడుతుంది, మట్టిలోంచి కూడా పీల్చుకుంటుంది. స్ప్రింగ్‌టెయిల్ పురుగులు ఆ పోగులనే మేస్తాయి. రోకలిబండ పురుగు బూజు పట్టిన ఆకును నములుతుంది.

ఏడాదిలో ఎక్కువ నెలలు నేల ఎండిపోయి ఉండే ఈ సీమలో అసలు పని చెదలది. రైతుకు శత్రువులుగానే పేరుపడ్డా, అడవికి వీటి మేలు చాలా పెద్దది. పుట్టలోని తేమలో, తిని, అరిగీ అరగక విసర్జించిన ఆకుతో కట్టిన మెత్తటి గూళ్లపై వీటిలో కొన్ని జాతులు బూజును పెంచుతాయి. ఆవగింజంత తెల్లటి గుండ్లు దానిపై పుడతాయి. వాటిలో నత్రజని దండిగా ఉంటుంది. చెదలు వాటినీ, మాగిన గూటినీ తింటాయి. వానలకు పుట్టలపై లేచే గొడుగులు ఈ బూజువే. కట్టె తినే కొన్ని చెదల పేగుల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనినే పట్టి ఇస్తుంది. తొలకరికి బయటపడే ఆరుద్ర పురుగు మాత్రం ఆకు జోలికే పోదు; చెదల వంటి మెత్తటి పురుగులను తిని తన నత్రజనిని పొందుతుంది.