తద్దినానికి పనికిరాని పండు

మా అమ్మమ్మగారి ఊళ్ళో పాతకాలం వాళ్ళు టమాటా అనరు, రామములగ అంటారు. అక్కణ్ణించి విశాఖపట్నం వైపు వెళ్ళినా అదే మాట వినిపిస్తుంది. చిత్తూరు దాటి అటు వెళితే తమిళగాలి సోకి తక్కాళి అయిపోతుంది. హైదరాబాదు చేరితే టమాటా. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కావడంచేత నాకు పేర్లంటే మహా ఇష్టం. శాసనాలు దొరకని చోట పేర్లే కదా మనకి శాసనాలు!

రామములగలో ములగ అంటే పులుసులో వేసుకునే ములక్కాడల ములగ కాదని నా నమ్మకం. పొలంగట్ల మీద ముళ్ళతో, ఊదారంగు పువ్వులతో నేలబారుగా పాకే నేలములక ఉంది చూశారూ, ఆ వంశానికి చెందిన ములక. వంగమొక్కకి దాయాది. ఎక్కణ్ణించో వచ్చిన ఈ ఎర్రపండు మొక్కని చూసి, పువ్వు తీరు గమనించి, "ఇది మన ములక జాతిదే" అని ఎవరో పోల్చుకున్నారన్నమాట. రామ అన్నది అభిమానం కొద్దీ చేర్చుకున్నదే కాబోలు. సీతాఫలం, రామాఫలం కూడా అమెరికా ఖండం నించి దిగినవే అంటే మా పక్కింటావిడ ఇప్పటికీ నమ్మదు. పరాయి దేశంనించి వచ్చినవాళ్ళకి మనం ఇంతకంటే గొప్ప ఆతిథ్యం ఇంకేమిస్తాం చెప్పండి!

తమాషా ఏమిటంటే, 1753లో లిన్నేయస్ మహాశయుడు లోకంలోని మొక్కలన్నిటికీ పేర్లు పెడుతూ టమాటాని వంకాయ, ములకల కుటుంబంలోనే, సొలానమ్ అన్న ఇంటిపేరుతో రాశాడు. 1768లో ఫిలిప్ మిల్లర్ అనే ఇంగ్లీషు తోటమాలి కాదు కాదంటూ దాన్ని వేరుకాపురం పెట్టించాడు. రెండు వందల ఏళ్ళపైన అలాగే నడిచింది. ఈమధ్య జన్యువులు పరీక్షించి మళ్ళీ సొలానమ్ ఇంటికే చేర్చారు. మనవాళ్ళు ఏ పరీక్షా లేకుండా మొదటే ఆ మాట అన్నారు. ఆ పేరు పెట్టింది తప్పకుండా ఆడదే అయివుంటుందని నా అనుమానం. వండేవాళ్ళకి కాక ఈ చుట్టరికాలు ఇంకెవరికి తెలుస్తాయి?

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వైపు. అక్కడ చిక్కుడుగింజంత కాయలతో అడవిలో పెరిగింది. పెంచి పెద్దచేసింది మాత్రం మెక్సికో. అక్కడి అజ్టెక్ ప్రజల భాషలో తోమాత్ల్ అన్న మాటే అందరి నోళ్ళలో నలిగి టమాటా అయింది. 1521లో స్పెయిన్ వాళ్ళు ఆ రాజధానిని నేలమట్టం చేశారు. ఆ తర్వాత సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి ఆ జనాన్నే అడిగి తెలుసుకుని వాళ్ళ బతుకంతా రాసిపెట్టాడు. అందులో బజారులో టమాటాలమ్మే వాళ్ళ సంగతి కూడా ఉంది. పెద్దవీ చిన్నవీ, పచ్చనివీ ఎర్రనివీ అని రకరకాలు, మంచి సరుకు అమ్మేవాళ్ళూ, చెడిపోయినవి అంటగట్టేవాళ్ళూ! రాజ్యాలు పోతాయి గానీ పుచ్చుకాయలు అంటగట్టేవాళ్ళు మాత్రం ఏ దేశంలోనూ పోరు.

యూరపులో దానికి దొరికిన మర్యాద అంతంతమాత్రమే. 1544లో ఇటలీలో మత్తియోలి అనే వైద్యుడు దీని సంగతి రాస్తూ మళ్ళీ వంకాయతోనే పోల్చాడు. తర్వాత బంగారు పండన్నారు. ఇటలీ వాళ్ళు ఇప్పటికీ పొమొదోరో అనేది అందుకే. ఇంగ్లండులో జెరార్డ్ 1597లో వేసిన మూలికల పుస్తకంలో దాన్ని కంపుకొట్టే మొక్కగా తీసిపారేశాడు. ఆకు వాసన చూస్తే ఆయన్ని తప్పుపట్టలేం లెండి. దాని దాయాదుల్లో విషపు మొక్కలు ఉండడంతో అందరికీ భయం. తోటలో అందానికి పెంచారు గాని పళ్ళెంలోకి రానివ్వలేదు. నేపుల్స్‌లో లాతీని అనే వంటల పెద్ద 1690లలో తన పుస్తకంలో టమాటా పచ్చడి లాంటిది రాసేసరికి దాదాపు నూట యాభై ఏళ్ళు గడిచిపోయాయి. ఇవాళ టమాటా లేని ఇటలీ వంట ఊహించగలమా?

మనకి పోర్చుగీసు ఓడలే తెచ్చాయంటారు. తెచ్చినా చాలాకాలం దొరల బంగళా తోటలు దాటలేదు. జార్జి వాట్ అనే ఆయన 1889కీ 1893కీ మధ్య మన దేశపు పంటల మీద పెద్ద నిఘంటువు వేశాడు. ఇక్కడి జనం ఇప్పుడిప్పుడే ఈ పండు రుచి మరుగుతున్నారనీ, సాగంతా ఎక్కువగా తెల్లవాళ్ళ కోసమేననీ, బెంగాలీలూ బర్మావాళ్ళూ పులుపు కూరల్లో వేసుకుంటున్నారనీ ఆయన మాటల సారాంశం. పులుపు కూరలన్నది గమనించండి. మన వంటింట్లో పులుపుకి ముందే పీట వేసి ఉంది. చింతపండు, మామిడికాయ, గోంగూర, చింతచిగురు - ఎవరి కాలంలో వాళ్ళు వచ్చి కూర్చునేవారు. టమాటా వచ్చి ఆ పీట మీద కూర్చుంది, అంతే. కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

అయితే అన్ని ఇళ్ళలోనూ కూర్చోనివ్వలేదు. మడి వంటలకీ, ముఖ్యంగా తద్దినాలకీ పనికివచ్చే కూరల జాబితా ఒకటి మన ఇళ్ళలో నోటిమాటగా నడుస్తుంది. అరటికాయ, కంద, చేమ, పెసరపప్పు... ఆ జాబితాలో బంగాళాదుంప లేదు, క్యాబేజీ లేదు, టమాటా లేదు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోనూ బంగాళాదుంప, టమాటా వెయ్యరు. ఏ కూర మనకి పాతదో, ఏది మొన్న వచ్చిందో తెలుసుకోవాలంటే పెద్ద పుస్తకాలక్కర్లేదు, ఏ ఇంట్లో తద్దినం జరిగినా విస్తట్లోకి ఓసారి తొంగిచూస్తే చాలు. పైగా ఆ ఎరుపు! కోస్తే మాంసంలా ఉంటుందని కొందరు పెద్దలకి కళ్ళపడేది కాదు.

మా అమ్మమ్మకి ఒక అక్కగారుండేది. ఊహ తెలియకముందే పెళ్ళీ, ఆ వెనకే వైధవ్యమూ. పుట్టింటే జీవితమంతా గడిపింది. దొడ్లో నూతి పక్కన ఏటా నాలుగు వరసల రామములగ వేసేది ఆవిడే. దసరా వెళ్ళగానే పాత కుండపెంకులో నారు పోసేది. నెల్లాళ్ళకి తీసి నాటి, కంది కంపలు ఊతం పెట్టి, పురుగు పడితే తెల్లారగట్ల మంచుతడి మీద బూడిద జల్లేది. చిలకలూ ఉడతలూ మిగలనివ్వవని, కాయ కొసన కాస్త రంగు తిరగ్గానే కోసేసి అటక మీద వరిగడ్డిలో దాచేది. మధ్యలో ముగ్గిన పండొకటి పెట్టేది. మూడోనాటికి, నాలుగోనాటికి గడ్డి తీస్తే అన్నీ ఎర్రగా నవ్వుతూ ఉండేవి. ఒక్కొక్కటే తుడిచి పిల్లల చేతుల్లో పెట్టేది. ఉప్పద్దుకుని తినేవాళ్ళం.

"నువ్వు తినవేం పెద్దమ్మమ్మా?" అని అడిగాను ఒకసారి.

"మాకు పనికిరాదమ్మా" అంది.

ఆ 'మాకు'లో ఎవరున్నారో అప్పుడు నాకు తెలియలేదు. ఇంట్లో మిగతా ఆడవాళ్ళందరూ తింటూనే ఉన్నారు కదా అనుకున్నాను. ఏభై ఏళ్ళ పైచిలుకు ఆ పండు పండించి, దాని రుచి ఎలా ఉంటుందో తెలియకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. ఏ కాయ ఏ రోజుకి పండుతుందో మాత్రం చేత్తో తాకి చెప్పగలిగేది.

గడ్డిలో ముగ్గిన పండు ఎందుకు పెట్టాలో సైన్సు చెప్పడానికి చాలాకాలమే పట్టింది. వెనకటికి యూరపు నగరాల్లో వీధి దీపాలకి గొట్టాల్లో గ్యాసు వచ్చేది. అది కారిన చోట చెట్లు ఆకులు రాల్చేవి. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే యువకుడు బఠాణీ మొలకలు వంకరపోతుంటే కారణం వెతికి, ఆ గ్యాసులోని ఇథిలీన్‌ది దోషమని తేల్చాడు. అటు కాలిఫోర్నియాలో నిమ్మకాయలకి పసుపురంగు రావడానికి గదుల్లో కిరసనాయిలు స్టవ్వులు వెలిగించేవారు. వేడికే రంగొస్తోందనుకుని, పొగరాని వేడి ఏర్పాటు చేస్తే కాయలు పచ్చగానే ఉండిపోయాయిట! పనిచేసింది వేడి కాదు, పొగలోని ఇథిలీన్ అని 1920లలో డెన్నీ నిరూపించాడు. చివరికి 1934లో ఇంగ్లండులో గేన్ అనే ఆయన, పండే పండు తనంతట తానే ఈ వాయువుని పుట్టిస్తుందని రుజువు చేశాడు. ఒక పండు తన పక్క కాయని పండిస్తుందన్నమాట. గడ్డి ఆ గాలిని చెదిరిపోకుండా పట్టి ఉంచుతుంది. 1934 నాటికి మా పెద్దమ్మమ్మకి ఇరవై దాటాయి. ఆవిడ అటక అప్పటికే నడుస్తోంది.

అన్నట్టు, ఇది పండా కూరగాయా అని అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1883లో వాళ్ళు చేసిన చట్టం ప్రకారం విదేశాల నించి వచ్చే కూరగాయల మీద నూటికి పది పన్ను, పండ్ల మీద లేదు. నిక్స్ అనే వర్తకుడు ఇది పండేనని వాదించాడు. లాయర్లు కోర్టులో నిఘంటువులు తెరిచి చదివారు. 1893లో జడ్జీలు, శాస్త్రం ప్రకారం పండే అయినా జనం దీన్ని భోజనంలో కూరగా తింటారు కాబట్టి కూరగాయేనని తీర్పు చెప్పారు. తెలుగువాళ్ళని పిలిస్తే ఇంత గొడవ ఉండేది కాదు. పచ్చిగా ఉంటే కాయ, పచ్చడి చేసుకుంటాం. ఎర్రబడితే పండు, పప్పులో వేస్తాం. వంకాయ, బెండకాయ ముదిరితే పారేస్తాం గానీ, దోసపండు, గుమ్మడిపండు లాంటి ఒకటి రెండు తప్పితే, పండేదాకా ఆగి మరీ వండుకునేది దీన్నే.

ఆ ఆగడమే ఇప్పుడు కరువైంది. మదనపల్లె మార్కెట్టు నించి లారీ ఎక్కే కాయ దూరం వెళ్ళాలి, దెబ్బ తగలకూడదు. అందుకని గట్టిగా ఉండగానే కోస్తారు. రైతుని అనడానికి నాకు నోరు రాదు. 2023 జూలైలో కొన్ని ఊళ్ళలో కిలో రెండు వందలు తాకిన టమాటా, మరో ఏడు పత్తికొండ మార్కెట్టులో కూలి ఖర్చులకి కూడా చాలక రోడ్డు పాలవుతుంది. అంత జూదమాడేవాడు రుచి గురించి ఎక్కడ ఆలోచిస్తాడు?

రుచి పోవడానికి ఇంకో కారణం ఉంది. పాతరకం కాయలకి తొడిమ చుట్టూ ముదురాకుపచ్చ భుజాలుండేవి. పండు ఒకేలా ఎర్రబడాలని విత్తనాలు తయారుచేసేవాళ్ళు డెబ్బై ఏళ్ళపాటు ఆ భుజాలు లేని రకాలే ఏరుకుంటూ వచ్చారు. 2012లో తేలిందేమిటంటే, ఆ పచ్చదనాన్నిచ్చే జన్యువే కాయలో చక్కెర కూడా పెంచుతుందని! పెళ్ళిచూపుల్లో రంగు చూసి తీపి వదులుకున్నట్టయింది.

కాబట్టి రెండు కుండీలకి చోటున్నా పెంచుకోండి. దసరాకి నారు పోస్తే రథసప్తమి నాటికి చేతికొస్తుంది. ఎండాకాలంలో ప్రయత్నించకండి, రాత్రుళ్ళు వేడెక్కితే పూత రాలిపోతుంది, పండినా ఎర్రబడక పసుపుగా ఉండిపోతుంది. దొరికితే భుజం పచ్చగా ఉండే నాటురకం విత్తనం వెయ్యండి. కాయ అడుగున రంగు తిరగ్గానే కోసి బియ్యం డబ్బాలోనో, పాత పేపర్లోనో పెట్టండి, పండడానికి ఎండ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. వారం రోజులు ఆ చలిలో ఉంటే పండుకి వాసననిచ్చే జన్యువులు పనిమానేస్తాయనీ, బయట పెట్టినా ఆ కమ్మదనం పూర్తిగా తిరిగిరాదనీ 2016లో ఫ్లోరిడా వాళ్ళు చెప్పారు. చివర్లో మొక్క పీకేసేటప్పుడు పచ్చికాయలు మిగిలితే, నాలుగు పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి రోట్లో నూరుకోండి. చింతపండు వెయ్యక్కర్లేదు.