గాత్రం

కచేరీ కరపత్రంలో ‘గాత్రం’ అని కనబడగానే పాడేవారి పేరు చూస్తాం. సంస్కృతంలో ఈ మాటకు ఒళ్లు, అవయవం అని అర్థం. వింటే ‘గానం’కి చుట్టమనిపిస్తుంది కానీ, ఇది పుట్టింది కదలిక అర్థమున్న ధాతువు నుంచి. ‘దృఢగాత్రుడు’ అన్నప్పుడు పాత అర్థమే పలుకుతుంది. గొంతుకు సంగీతంలో ఇంకో పేరు ‘శారీరం’. శరీరంతోపాటే పుడుతుంది కనుక ఆ పేరని 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో చెప్పాడు. ‘మంచి శారీరం’ అనే మెచ్చుకోలు విద్వాంసుల నోట ఇప్పటికీ ఉంది.

ఎంత సరైన పేర్లు! ఊపిరి తోస్తే స్వరపేటికలోని స్వరతంత్రులు కంపిస్తాయి. మామూలు మాటల్లో మగవారికి సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవారికి 200 సార్ల దాకా. ఆ నాదానికి రూపమిచ్చేవి నోరు, నాలుక, ముక్కు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే పాటల గురువు చిన్న అద్దం సాయంతో తన స్వరతంత్రులు కదలడం తానే చూశాడు.

గొంతు ఒంటిలో భాగమే కదా, దానికీ అలసట ఉంటుంది. బొంగురు గొంతుతోనే సాధన చేయించడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ బొంగురు మూడు నాలుగు వారాలకీ పోకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోవాలి.