ఫైన్ కట్టకపోతే లైసెన్స్ కట్.. అమెరికాలో ఏంటీ రూల్? ఏ రాష్ట్రాల్లో మారింది?

అమెరికాలో న్యూయార్క్ లాంటి కొన్ని నగరాలు తప్పిస్తే కారు లేనిదే పని జరగదు. ఆఫీసుకైనా, ఆస్పత్రికైనా, పిల్లల స్కూలుకైనా స్టీరింగ్ పట్టాల్సిందే. అలాంటి చోట బాకీ ఉందని లైసెన్స్ ఆపేస్తే? చాలా రాష్ట్రాల్లో ఏళ్లుగా జరిగింది ఇదే.

ఏ బాకీలకు లైసెన్స్ పోతుంది?

* ట్రాఫిక్ ఫైన్లు, కోర్టు జరిమానాలు, కోర్టు ఫీజులు. దీనిపై ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూల్.
* విడిగా ఉంటున్న తల్లి లేదా తండ్రి పిల్లల పోషణకు కట్టాల్సిన డబ్బు. దీనికి లైసెన్స్ ఆపే అధికారం ప్రతి రాష్ట్రానికీ ఉండాలని 1996లో ఫెడరల్ చట్టం తెచ్చారు.
* యాక్సిడెంట్ కేసులో కోర్టు చెప్పిన పరిహారం కట్టకపోయినా చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ ఆగిపోతుంది.

క్రెడిట్ కార్డు బిల్లు, పర్సనల్ లోన్ బాకీ ఉన్నంత మాత్రాన సాధారణంగా లైసెన్స్ జోలికి రారు.

అసలు చిక్కు ఎక్కడ?

లైసెన్స్ పోతే పనికి వెళ్లలేరు. పనికి వెళ్లకపోతే జీతం రాదు. జీతం లేకపోతే ఫైన్ కట్టేదెలా? ఈలోగా లేట్ ఫీజులు పెరిగిపోతుంటాయి. తప్పక బండి తీసి దొరికితే అది మరో కేసు. చాలా చోట్ల జైలుకు కూడా పంపొచ్చు. డబ్బున్నవాళ్లు ఒక్క చెక్కుతో బయటపడతారు. లేనివాళ్లే ఇరుక్కుపోతారు.

కోర్టులు ఏమన్నాయి?

కట్టే స్తోమత ఉందో లేదో చూడకుండా, ఫైన్ కట్టలేదని ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపడం కుదరదని 1983లో బేర్డెన్ వర్సెస్ జార్జియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్స్ విషయంలో మాత్రం ఇంత స్పష్టత లేదు. మిషిగన్ విధానాన్ని 2019లో ఫెడరల్ అప్పీల్ కోర్టు సమర్థించింది.

ఎక్కడ మారింది?

ట్రాఫిక్ ఫైన్ కట్టలేదని లైసెన్స్ ఆపడాన్ని కాలిఫోర్నియా 2017లో మానేసింది. ఫైన్‌కు తోడు ఏటా అదనపు ఛార్జీలు వేసే స్కీమ్‌ను టెక్సాస్ 2019లో ఎత్తేసింది. 2020లో వర్జీనియా కూడా ఇలాంటి సస్పెన్షన్లకు స్వస్తి చెప్పింది. న్యూయార్క్ చట్టం 2021లో అమల్లోకి వచ్చింది. అక్కడ నెల ఆదాయంలో 2 శాతం లేదా 25 డాలర్లు, ఏది ఎక్కువైతే అది వాయిదాగా కట్టుకోవచ్చు.

మనవాళ్లు ఏం చేయాలి?

* టికెట్ వస్తే పక్కన పడేయొద్దు. గడువులోపు జవాబివ్వకపోయినా, కోర్టు తేదీకి హాజరుకాకపోయినా చాలా చోట్ల లైసెన్స్ ఆగుతుంది.
* ఇల్లు మారితే లైసెన్స్ ఆఫీసులో అడ్రస్ మార్పించుకోండి. నోటీసు పాత ఇంటికి వెళ్తే విషయమే తెలియదు.
* ఒకేసారి కట్టలేకపోతే గడువు దాటకముందే కోర్టును వాయిదాలు అడగండి. కొన్ని చోట్ల ఫైన్ బదులు సమాజ సేవకూ ఒప్పుకుంటారు.
* ఫైన్ కట్టగానే బండి తీయొద్దు. లైసెన్స్ తిరిగి ఇవ్వడానికి చాలా చోట్ల వేరే ఫీజు ఉంటుంది. అది కట్టి, లైసెన్స్ మళ్లీ చెల్లుతోందని ఖాయం చేసుకున్నాకే రోడ్డెక్కండి.